మేనమామ కట్టిన పంచె

మా నాయన లేబర్ ఆఫీసరు. తిరువళ్ళూరులో ఉద్యోగం, స్టేషనుకు దగ్గరని మణవాళనగర్‌లో కాపురం. ఆయన పని ఏమిటో నాకు చిన్నప్పుడే బాగా తెలుసు. ఇంట్లో కూడా అదే చేసేవాడు మరి! నేనూ తమ్ముడూ జుట్టూ జుట్టూ పట్టుకుంటే నన్ను వంటింట్లో, వాణ్ణి అరుగు మీద కూర్చోబెట్టి ఇద్దరి మధ్యా తిరిగేవాడు. "ఆ పక్కవాళ్ళు బలపం ఇచ్చేస్తామంటాండారు. మీరు తిట్టిన తిట్టు వాపసు తీసుకుంటారా?" అని నా ముందు గొంతుక్కూర్చుని అడిగేవాడు. ఎంత కోపంలో ఉన్నా నవ్వొచ్చేది. మా అమ్మ మాత్రం, "ఇద్దరికీ చెరొకటి తగిలిస్తే పొయ్యేదానికి ఇంత ఆఫీసు పెట్టల్లా?" అనేది.

బయట ఆయన పనిలో నవ్వులు తక్కువ. ఫ్యాక్టరీల్లో గొడవలొస్తే యజమానులకూ పనివాళ్ళకూ రాజీ కుదర్చాలి. అందుకోసం నాయన ఒక కట్టుబాటు పెట్టుకున్నాడు. గొడవ తన దగ్గర నడుస్తున్నన్నాళ్ళూ ఆ రెండు పక్షాల్లో ఎవరింటా పచ్చి మంచినీళ్ళు ముట్టడు. అమ్మ కట్టిచ్చిన పెరుగన్నం, నీళ్ళ సీసా ఎప్పుడూ ఆయన సంచిలోనే ఉండేవి. ఒకరింట టీ తాగితే రెండోవాడికి తన మాట మీద నమ్మకం పోతుందని చెప్పేవాడు. వెంగల్ పల్లెలో సేద్యం చేసుకునే ఇంటి నుంచి చదువుకొని ఉద్యోగానికొచ్చిన మొదటి మనిషి. సర్కారు ఉద్యోగమంటే అట్లాగే చెయ్యాలేమో అనుకున్నట్టున్నాడు, పాపం.

ఆయనకు ఒక్కతే అక్క. వాళ్ళమ్మ చిన్నప్పుడే పోతే ఈ అక్కే ఆయనకు ముద్దలు కలిపిపెట్టి పెంచింది. మా ఈ అత్తను తిరుత్తణిలో ఇచ్చారు. మామకు అక్కడ పవర్‌లూమ్ షెడ్డు ఉండేది. అందులో పనిచేసేవాళ్ళంతా నేతపనివాళ్ళు, వాళ్ళూ మా మాదిరే తెలుగువాళ్ళు. డెబ్భైల చివర్లో మామ ఇద్దరిని పనిలోంచి తీసేశాడు. వాళ్ళను మళ్ళీ తీసుకోవాలని మిగతావాళ్ళు మగ్గాలు ఆపి గేటు ముందు కూర్చున్నారు. కేసు తిరిగి తిరిగి నాయన బల్ల మీదకే వచ్చింది.

"ఆయన మా అక్క మొగుడు, వేరేవాళ్ళకివ్వండి" అని నాయన పై ఆఫీసును అడిగాడు. వేరే మనిషి లేడు, నువ్వే చూడు అన్నారు. సరేనని మొదటి మీటింగులోనే అందరి ముందూ ఆ చుట్టరికం చెప్పేశాడు. యూనియన్ లీడరు లేచి, "మీరైతేనే మాకు న్యాయం, సార్" అన్నాడట. ఆ మాట ఇంటికొచ్చి మా అమ్మకు చెబుతూ నాయన ఎంత మురిసిపోయాడో! ఆ మురిపెం తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

సమ్మె తేలకముందే అత్త కూతురి పెళ్ళి వచ్చి పడింది. మా వాళ్ళల్లో పెళ్ళికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మేనమామే మండపానికి ఎత్తుకొస్తాడు. పెళ్ళికూతురి ఇంటివాళ్ళు పెట్టిన కొత్త పంచె కట్టుకునే ఎత్తాలి. ఆ పిల్లకు ఉన్న మేనమామ నాయన ఒక్కడే. పోకుండా ఉండటానికి లేదు, పోయి తినడానికి లేదు. చివరికి, "ఎత్తుతా, అక్షింతలేస్తా, చెయ్యి మాత్రం కడగను. మీరు తినండి, ఆఫీసరు నేను గదా" అని మా అమ్మతో అన్నాడు. మామను ముందే కలిసి, "బావా, అక్కకు నువ్వే మెల్లిగా చెప్పు" అన్నాడు. మామ తలూపాడు. చెప్పలేదు.

పెళ్ళి కొండ కింద సత్రంలో. నాయన జరీ అంచు పంచె కట్టి, తలకు తువ్వాలు చుట్టి, గంపను రెండు చేతులా ఎత్తి పట్టుకొస్తుంటే మేళగాళ్ళు కూడా ఆయన వైపే చూశారు. మా వదిన గంపలో నుంచి, "మామా, పడేస్తావా ఏమి?" అంటోంది. "నీ బరువుకు నేనే పడతాను" అన్నాడు నాయన. మండపం చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు. మా ఇంటి మనిషి అంత అందగాడని నాకు ఆ రోజే తెలిసింది.

తాళి కట్టాక ఆయన మెల్లగా వాకిలి వైపు నడుస్తుంటే అత్త చూసింది.

"యాడికిరా పోతాండావు? ఆకేసి పెట్టినాను."

"అక్కా, కేసు తెగలేదు. తెగినాక వచ్చి నీ చేత్తో తింటా. బావ చెప్పలేదా?"

"నా బిడ్డ పెండ్లిలో నీకు కేసు కనబడిందా? మేనమామ చెయ్యి కడక్కుండా పోతే వియ్యంకులు నన్ను ఏమనుకుంటారు?"

మామ అక్కడే నిలబడి చందనం గిన్నె కేసి చూస్తున్నాడు. నాయన అక్కకు దండం పెట్టి వెళ్ళిపోయాడు. మా అమ్మ కూడా తినలేదు. అత్త ఆ సత్రంలో అంతమంది ముందూ తలెత్తుకోలేకపోయిందన్న మాట నిజమే. అది నేను కాదనను.

అన్నం విషయంలో అంత పట్టుబట్టిన మనిషి, పంచె గురించి ఆలోచించనే లేదు. మా వాళ్ళల్లో ఎవరూ ఆలోచించరు. మేనమామకు పెట్టే బట్ట ఒకరు ఇచ్చేదీ కాదు, ఇంకొకరు పుచ్చుకునేదీ కాదు. అది ఆయన హక్కు. ఆ పంచెతోనే, చెంపలకు పసుపుతోనే రైలుకని నడిచాడు. దారిలోనే షెడ్డు గేటు. అక్కడ కూర్చున్నవాళ్ళంతా చూశారు.

వారం తిరిగేసరికి ఆఫీసరు షెడ్డు ముదలాళి దగ్గర పట్టుబట్టలు తీసుకున్నాడని పై ఆఫీసుకు ఫిర్యాదు పోయింది. పెట్టించింది ఆ లీడరే. ఆ లీడరూ ఒకప్పుడు తన అక్క కూతుర్ని గంపలో ఎత్తినవాడే. అప్పుడు ఏ పంచె కట్టుకున్నాడో మరి! విచారణలో నాయనను, "తీసుకున్నావా, లేదా?" అని అడిగారు. "తీసుకున్నాను" అన్నాడు. లేదని ఒక్క మాట అంటే పోయేది. ఆచారం గురించి ఆయన చెప్పబోతే వినే తీరిక వాళ్ళకు లేకపోయింది. రామనాథపురం వైపు బదిలీ చేశారు. మా చదువులు చెడతాయని ఆయన ఒక్కడే పోయాడు. మా ఇంట్లో కొట్లాటలు తీర్చే మనిషి లేక, నేనూ తమ్ముడూ కొట్లాడుకోవడమే మానేశాం.

సమ్మె ఎట్లా తీరిందో తెలుసా? కొత్త ఆఫీసరు వచ్చాడు, తీసేసిన ఇద్దరిలో ఒకణ్ణి తీసుకున్నారు, రెండోవాణ్ణి వదిలేశారు. సంతకాలయ్యాక మామ తన ఇంట్లోనే అందరికీ సాపాడు పెట్టాడు. లీడరూ మామా పక్కపక్కన కూర్చొని తిన్నారు. వడ్డించింది అత్త.

ఆ కబురు తెలిసి నాయన, "మంచిదే గదా, మగ్గాలు ఆడతాండాయి" అన్నాడు. నిజంగానే సంతోషపడ్డాడు. ఆ సంతోషానికి నేను ఆయన్ను క్షమించలేదు. సెలవుకు వచ్చినప్పుడు, "ఇప్పుడు కేసు లేదు. అక్క ఇంట భోంచేసి వద్దాం రా" అని నన్ను తిరుత్తణికి వెంటబెట్టుకుపోయాడు. రైల్లో దారంతా, అక్క చేసే పులుసు రుచి గురించే చెప్పాడు.

అత్త మమ్మల్ని అరుగు మీదే నిలబెట్టింది. "ఆ పొద్దు పందిట్లో తినని కూడు ఈ పొద్దు ఎందుకురా నీకు? నా ఇంట్లో నీకు ఆకు లేదు" అని లోపలికి పోయింది. నాయన కాసేపు అరుగు మీద కూర్చున్నాడు. తర్వాత స్టేషనులో నాకు ఇడ్లీ కొనిపెట్టాడు, తనకు ఆకలి లేదన్నాడు. ఇంటికొచ్చి అమ్మతో, "అక్క తప్పేమీ లేదులే, నేను చేసిన పని అట్లాంటిది" అన్నాడు. ఆ తర్వాత సెలవుకు వచ్చినప్పుడల్లా పోయేవాడు. ఆమె మనసు మారలేదు, ఆకు వెయ్యలేదు.

ఆయన ఉద్యోగంలో ఉండగానే గుండె ఆగి పోయాడు. నేను కాలేజీలో ఉన్నాను. లీడరు పెద్ద దండ తెచ్చి, నిప్పులాంటి మనిషని అందరి ముందూ కళ్ళు తుడుచుకున్నాడు. ఆ దండను నేను తీసి పక్కన పడేస్తే అమ్మ మళ్ళీ తెచ్చి వేసింది.

పెద్దకర్మ నాడు అత్త మా ఇంట్లో పంక్తిలో కూర్చుంది. ఆకు ముందు కన్నీళ్ళు పెట్టుకొని, "నా తమ్ముడు నా చేతి ముద్ద తిని ఎన్నేండ్లాయెనే" అన్నది. "ఎవరు పెట్టకపోతే?" అన్న మాట నా నోటిదాకా వచ్చింది. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకొని, "అత్తకు ఇంకొంచెం పులుసు వెయ్యి" అన్నది. వేశాను. ఆమె కలుపుకొని తిన్నది.

చావింట తిన్నవాళ్ళు పోయేటప్పుడు పోయొస్తామని చెప్పకూడదు, మళ్ళీ రమ్మని ఇంటివాళ్ళూ అనకూడదు. అత్త గడప దిగి, అలవాటు కొద్దీ నా వైపు తిరిగి నోరు తెరిచి, మళ్ళీ మూసుకొని వెళ్ళిపోయింది. ఆ ఆచారం ఎవరు పెట్టారో గాని, వాళ్ళకు మనసులోనే దండం పెట్టుకున్నాను.