ఆరో నంబరాయన అండి మానేసిన పూట

నాకు ముక్కు మీద కోపం. ఇప్పుడు తగ్గింది కానీ, పాలకొల్లులో ఒక నర్సింగ్ హోములో కొత్తగా నర్సుగా చేరిన రోజుల్లో నన్నెవరైనా "నువ్వు" అంటే చాలు, ఆ పూటంతా మొహం మాడ్చుకుని తిరిగేదాన్ని. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. అది చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు.

ఆరో నంబరు మంచం మీద ఒక రొయ్యల రైతు ఉండేవారు. చెరువులో దిగినప్పుడు పాదానికి ఏదో గీసుకుంది. షుగరు ఉండడంతో అది పుండై ఆసుపత్రిలో చేరారు. అరవై దాటిన మనిషి. నోరు తెరిస్తే అండి. నేను సూది తీసుకెళితే "ఆయ్, పొడవండి, మీ చెయ్యి తేలికండి" అనేవారు. వార్డు ఊడ్చే ఆవిడతో కూడా "కాస్త పక్కకి జరగమంటారాండి" అనేవారు. ఈయన దోమని కొట్టేముందు కూడా ఏవండీ అని పిలుస్తాడేమోనని మేం చాటుగా నవ్వుకునేవాళ్ళం.

మూడో రోజు పదకొండింటికి జ్వరం చూడ్డానికి వెళ్ళాను. చెయ్యి విదిలించి, "ఏయ్, పో. నీళ్ళు తే, పో" అన్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. థర్మామీటరు డబ్బాలో పడేసి వచ్చేశాను. ఆయన భార్య నా వెనకాలే వచ్చారు. "ఏమీ అనుకోకండమ్మా. ఆయన ఎవర్నీ అలా అనే మనిషి కాదండి. పొద్దుట్నుంచి ఎలాగో ఉన్నారు" అన్నారు.

"మేమేమైనా మీ ఇంట్లో పనివాళ్ళమాండి?" అన్నాను. ఆవిడ తల దించుకుని వెళ్ళిపోయారు.

చార్టులో పొద్దున ఉన్న జ్వరమే మళ్ళీ రాశాను. ఊపిరి నిమిషానికి ఇరవై అని రాశాను. లెక్కపెట్టలేదు. నిజానికి ఎవరికీ లెక్కపెట్టేదాన్ని కాదు, అందరికీ ఇరవయ్యే. కానీ మిగతావాళ్ళ దగ్గరికి కనీసం వెళ్ళేదాన్ని.

ఒంటిగంటకి ఆవిడ మళ్ళీ వచ్చి, ఆయన చేతులు చల్లగా ఉన్నాయన్నారు. "ఫ్యాను కింద ఉన్నారు కదండీ, దుప్పటి కప్పండి" అన్నాను, కుర్చీలోంచి లేవకుండానే.

రెండింటికి డ్యూటీ మారింది. సీనియర్ సిస్టరుకి వార్డు అప్పగిస్తూ, "ఆరో నంబరాయన అసలు రంగు బయటపడిందక్కా, నన్ను ఏయ్ అన్నాడు" అని చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. ఆవిడ చేతిలో పుస్తకం వదిలేసి మంచం దగ్గరికి పరిగెత్తింది.

"మనం ఏ ఊళ్ళో ఉన్నామండి?" అని ఆయన్ని అడిగింది. ఆయన ఆమెని తన కూతురనుకుని ఏదో గొణిగారు. ఛాతీ గబగబా ఎగసిపడుతోంది. నాడి అందీ అందనట్టుంది. బీపీ బాగా పడిపోయింది.

"అంత మర్యాదస్తుడు అండి మానేస్తే నీకు పొగరనిపించిందేంటే? ఒంట్లో తేడా చేసిందని తెలీలేదా?" అని, నా జవాబు కోసం ఆగకుండా డాక్టరుగారి కోసం వెళ్ళింది. పుండులోని విషం రక్తానికి ఎక్కిందని డాక్టరుగారు చెప్పారు. సెలైను పెట్టి, కార్లో రాజమండ్రి పంపించారు.

బతికారు. మోకాలి పైదాకా కాలు తీసేశారు. ఆ మూడు గంటల ముందే చూసుంటే కాలు దక్కేదా అని డాక్టరుగారిని నేను ఎప్పుడూ అడగలేదు. దక్కేదంటారేమోనని భయం.

రెండు నెలల తర్వాత చంకకర్రలతో ఆయన, పక్కన ఆవిడ, నన్ను వెతుక్కుంటూ డ్యూటీ టేబుల్ దాకా వచ్చారు.

"ఆ రోజు మిమ్మల్ని ఏకవచనంలో మాట్లాడానంటండి. మా ఆవిడ చెప్పింది. నాకు ఒంటిమీద తెలివి లేదండి. మనసులో పెట్టుకోకండి" అన్నారు. ఆవిడ నా వంక చూడలేదు.

తప్పు నాదండి అని ఒక్క మాట అంటే సరిపోయేది. "పర్లేదండి" అన్నాను. కాలు పోగొట్టుకున్న మనిషి వచ్చి క్షమించమంటే, నేను క్షమించి పంపించాను.