మా నాయనకు పురుడు

నిన్న పటాన్‌చెరు పాత బజారులోని శెట్టి దుకాణం నుంచి ఒక వస కొమ్ము తెచ్చాను. నా కూతురు కాన్పుకు మా ఇంటికే వచ్చింది, ఈరోజు మనవడికి ఇరవై ఒకటో రోజు పురుడు, తొట్టెలలో వేసే ముందు వాడి నాలుకకు వస తగిలించాలి. సానరాయి మీద రెండు చుక్కల ఆముదం వేసి కొమ్మును నాలుగుసార్లు అరగదీశానో లేదో, ఆ ఘాటు, ఆ చేదు, తడిమట్టి లాంటి ఆ వాసన ముక్కులోంచి నేరుగా కడుపులోకి దిగిపోయింది. ఈ వాసనకు ఎవరికైనా పసిపిల్లలు గుర్తొస్తారు. నాకు మాత్రం ముప్పై ఎనిమిదేళ్ల మీసాల మనిషి గుర్తొస్తాడు. ఆయన మా నాయన. నాకు పదేళ్లప్పుడు ఆయన మళ్లీ పుట్టాడు. ఆ పుట్టుక మీద నాకు ఇప్పటికీ కోపమే, దాచుకోవడం నాకు చేతకాదు.

ముత్తంగి దాటాక ఇప్పుడు లారీలు బారులు తీరి నిలబడే గోదాములున్నాయే, అక్కడే ఉండేది మా ఇల్లు. గాలి ఒకవైపు నుంచి వీస్తే కోసిన జొన్నచొప్ప వాసన, ఇంకోవైపు నుంచి వీస్తే మందుల కంపెనీల కుళ్లిన గుడ్ల వాసన, రెండింటికీ అలవాటుపడి పెరిగాం మేము. ఎండాకాలం అరుగుల మీద అష్టాచెమ్మా, వానలు వెనకబట్టాక గట్ల వెంట తిరిగి బతుకమ్మకు గునుగుపూలు కోసుకురావడం, వాటిని రంగునీళ్లలో ముంచి వారం రోజులు ఎర్రబడ్డ వేళ్లతో తిరగడం, సద్దుల బతుకమ్మ నాడు బెల్లం కారే మలీద ముద్దలు, చలి మొదలయ్యాక వాడవాడంతా సకినాలు. బియ్యప్పిండిలో నువ్వులూ వామూ కలిపి, ఆ పిండిని వేళ్ల మధ్య మెలితిప్పుతూ తెల్లబట్ట మీద చుట్టు మీద చుట్టు పోయడం అందరికీ వచ్చే పని కాదు. మా అమ్మకు వచ్చు. ఆమె మణికట్టు తిరుగుతుంటే పిల్లలం ఆటలు మానేసి చూసేవాళ్లం. ఏ ఇంట్లో సకినాలు మొదలుపెట్టినా మొదటి చుట్టు మా అమ్మతోనే వేయించేవారు.

మా నాయన పేరు యాదగిరి. మందుల కంపెనీలో డ్రమ్ములు దొర్లించే పని, సాయంత్రమైతే కల్లు, జీతం వచ్చిన వారమంతా సారా. నాకు తొమ్మిదేళ్లప్పుడు ఒక ఆదివారం మధ్యాహ్నం, మా వాకిట్లో నలుగురు ఆడవాళ్లు కూర్చుని సకినాలు చుడుతుండగా తూలుతూ వచ్చి, అన్నం పెట్టడం ఆలస్యమైందని అమ్మ కుడిచేతిని పట్టి మెలితిప్పాడు. ఆ చేతికి ఇంకా పిండి అంటుకునే ఉంది. ఎముక విరిగిన చప్పుడు నేను విన్నాను. కట్టు కట్టించారు గానీ మణికట్టు వంకరగానే అతుక్కుంది. ఆ తర్వాత అమ్మ బిందెలెత్తింది, కలుపు తీసింది, ఇంటెడు చాకిరీ చేసింది. సకినం మాత్రం చుట్టలేకపోయింది. రెండో చుట్టుకే పిండి తెగిపోయేది. మొదటి చుట్టుకు ఆమెను పిలవడం మెల్లగా మానేశారు.

మరుసటి ఏడు కంపెనీలో తోటి పనివాడొకడు నాయనను ప్రార్థనకు తీసుకుపోయాడు. ఆరునెలలు తిరగకుండానే బాప్తిస్మం అన్నారు. మా వాగు నీళ్లు అప్పటికే పసుపురంగుకు తిరిగాయి, అందులో ముంచితే పాపం పోవడమేమో గానీ దద్దుర్లు వస్తాయని, ప్రార్థన షెడ్డు వెనక సిమెంటు హౌజు కట్టి ట్యాంకరు నీళ్లు నింపారు. తెల్లచొక్కాతో నాయనను ముంచి లేపాక, పాస్టరు అందరికీ వినబడేలా చెప్పాడు:

“యాదగిరి అనే పాత మనిషి ఈ నీళ్లల్ల సచ్చిపోయిండు. పౌలు అనే కొత్త మనిషి పుట్టిండు!”

మా నాయనమ్మకు మొదటి ముక్కే వినబడింది. “అయ్యో నా కొడకా!” అని గుండెలు బాదుకుంటూ హౌజు దగ్గరికి ఉరికింది. నలుగురు పట్టుకుని, సావలేదమ్మా, మల్ల పుట్టిండు అని నచ్చజెప్పాక, కళ్లు తుడుచుకుని పాస్టరును నిలేసింది.

“మల్ల పుట్టిండంటివి గదయ్యా, ఏ కడుపున పుట్టిండు? నేనైతే కనలే.”

పాస్టరు మంచివాడే, నవ్వాడు. “ఆత్మల పుట్టిండమ్మా. గింత పసిపోరని లెక్క, పాత పాపమేం లేకుంట.”

“పసిపోరడా? అట్లయితే పురుడు చెయ్యాలె.”

ఆమె మాటను అందరూ వేళాకోళమనుకున్నారు. నాయనమ్మ మాత్రం ఆ రోజు నుంచి వేళ్లు మడిచి లెక్కపెట్టింది. ఇరవై ఒకటో రోజు పొద్దున్నే, డ్యూటీకి బయల్దేరుతున్న కొడుకును వాకిట్లో కూర్చోబెట్టి మాడుకు ఆముదం పెట్టింది. వాడపిల్లలమంతా చుట్టూ చేరి నోళ్లు తెరుచుకుని చూస్తున్నాం. నవ్వాలో ఏడవాలో తెలియక అమ్మ గడపలో నిలబడింది. నాయనమ్మ సానరాయి మీద వస తీసి వేలికి తీసుకుంది.

“నోరు తెరువు కొడకా. పుట్టినోనికి వస పొయ్యకుంటె మాటలు రావు.”

తల్లి మాట కాదనలేక నాయన నోరు తెరిచాడు. చేదుకు మొహం ముడతలు పడింది.

“ఇగ మొదటి మాట నీ పెండ్లానికి చెప్పు. తప్పైంది అను. పెద్ద మాటేం గాదు, చిన్నపోరడు గూడ అంటడు.”

అప్పుడు తెలిసింది మాకు, ముసలమ్మ ఎందుకు ఇరవై ఒక్క రోజులు లెక్కపెట్టిందో. నాయన అమ్మ చేతివైపు చూశాడు. పెదవులు కదిలాయి. నేను ఊపిరి బిగబట్టాను. ఆయన లేచి తల్లివైపు తిరిగి, కళ్లు మూసుకుని, “ప్రభువా, మా అవ్వను క్షమించు” అని టిఫిన్ డబ్బా పట్టుకుని పోయాడు. అమ్మ లోపలికెళ్లి పొయ్యి ఊదుకుంది.

అబద్ధమెందుకు, తాగుడు మానేశాడు. మళ్లీ మా మీద చెయ్యెత్తలేదు. జీతం ఇంటికొచ్చింది, నాకు కొత్త బూట్లొచ్చాయి. బతుకమ్మ ఆడొద్దన్నాడు, మలీద వద్దన్నాడు, ఆ కోపాలు నాకు చిన్నవి, ఎప్పుడో పోయాయి. పోనిది ఆదివారాల కోపం. ప్రతి ఆదివారం షెడ్డులో లేచి సాక్ష్యం చెప్పేవాడు. నేనెంత దుర్మార్గుణ్నో, సకినాలు చుట్టే నా భార్య చెయ్యి ఎట్లా విరగ్గొట్టానో అని ఏడుస్తూ చెప్పేవాడు. జనం హల్లెలూయా అనేవారు. ఆడవాళ్ల వరసలో మా అమ్మ కొంగుతో మణికట్టు కప్పుకుని కూర్చునేది. ఊరందరికీ చెప్పాడు, దేవుడికి చెప్పాడు, పది అడుగుల దూరంలో కూర్చున్న మనిషికి చెప్పలేదు. ఒకనాడు ఇంటికొస్తూ దారిలో అడిగేశాను.

“నాయినా, అందరికి చెప్పినవ్ గద, అమ్మకు తప్పైందని చెప్పినవా?”

“చెయ్యి ఇరగ్గొట్టిన యాదగిరి ఆ హౌజులనే సచ్చిపోయిండు బిడ్డా. సచ్చినోడు ఎట్ల చెప్తడు? నేను పౌలును.”

“మరి బువ్వ మాత్రం యాదగిరి పెండ్లాన్నే పెట్టమంటవ్?”

“నీకు వస జెర ఎక్కువ పోసినట్టున్నరు” అని నవ్వి, ముందుకు నడిచాడు. నా ఒళ్లు మండిపోయింది.

పెద్దయ్యాక ఆ షెడ్డులో చెప్పే మాటలన్నీ శ్రద్ధగానే విన్నాను. కొత్త జన్మకు ముందు మారుమనస్సు రావాలంటారు. మనసు మారినవాడు ఎవరికి కీడు చేశాడో వాళ్ల గడప తొక్కాలి కదా! మా నాయనకైతే ఆ గడప బయటిది కూడా కాదు, సొంతింటిదే. చేసినవాణ్ని చంపేసి తాను తప్పించుకునే పుట్టుక ఏం పుట్టుక? ఎవరైనా నా ముందు తిరిగి జన్మించాను అంటే, ఇంటికెళ్లి ఎవరికి ఏం చెప్పావని అడుగుతాను. మొహమాటపడను.

నాయన పోయిన ఏడు చనిపోయాడు. చివరి నెలల్లో అమ్మే ఆ వంకర చేత్తో గంజి తాగించింది. ఒకరోజు ఆ మణికట్టు పట్టుకుని చాలాసేపు చూశాడు, పెదవులు కదిలాయి, పదేళ్ల పిల్లలా నేను మళ్లీ ఊపిరి బిగబట్టాను. “ప్రభువుకు స్తోత్రం” అన్నాడు. సమాధి దగ్గర, పౌలన్న చనిపోలేదు, నిద్రించాడు అని ప్రార్థన చేశారు. మట్టి వేసి చెయ్యి దులుపుకుంటూ అమ్మ నాతో మెల్లగా అంది: “రెండుసార్లు పుట్టిండు, రెండుసార్లు సచ్చిండు. ఒక్క మాట రాలే బిడ్డా.”

ఇప్పుడు ఆ ఇల్లు లేదు, జొన్నచేలు లేవు, హౌజు ఉన్నచోట టైల్సు వేసిన తొట్టి వచ్చింది. సకినాలు మిఠాయి దుకాణాల్లో ప్యాకెట్లలో దొరుకుతున్నాయి, అన్నీ ఒకే కొలత. నాయనమ్మ ఏనాడో పోయింది, ఆమె సానరాయి మాత్రం నా దగ్గరుంది. ఇందాక వస నేనే తీస్తానని అమ్మ నా చేతిలోంచి కొమ్ము అందుకుంది గానీ మణికట్టు తిరగక కొమ్ము జారి కింద పడింది. నేనే అరగదీసి ఇచ్చాను. ఆమె ఎడమచేతి వేలికి ఇంత తీసుకుని, మునిమనవడి నాలుకకు అద్ది, వాడు మూతి ముడుచుకుంటుంటే వంగి చెవిలో చెప్పింది:

“మీ ముత్తాతకు పోసినం, పని చెయ్యలే. నీకైన చెయ్యాలె కొడకా.”