కెమెరా లేని ఫోన్

మడతపెట్టే కొత్త ఫోన్ చూద్దామని ఈ సాయంత్రం పటాన్‌చెరులో ఒక మొబైల్ షాపుకి వెళ్లాను. దాని మూడు కెమెరాల గురించి షాపతనికే నేను పాఠం చెబుతుంటే, పక్కనే మందుల కంపెనీ యూనిఫాంలో నిలబడ్డ ఒకావిడ అడిగింది.

"తమ్మీ, నీకు అన్నీ తెలిసినట్టున్నయి. కెమెరా లేని ఫోను ఏదన్న ఉంటదా?"

నాకు నవ్వొచ్చింది. "కెమెరానే లేకుంటే అదేం ఫోనక్కా?"

"కెమెరా ఉన్న ఫోను కంపెనీ లోపలికి తేనియ్యరు. గేటుకాడనే పెట్టి పోవాలె. లేనిదైతే ఏమనరు. మొన్న నా బిడ్డ బడిల కళ్లు తిరిగి పడ్డది. పంతుళ్లు పదిసార్లు ఫోను చేసిండ్రట. ఫోను గేటుకాడ మోగుతనే ఉన్నది, నేను లోపల గోలీలు ప్యాక్ చేస్తనే ఉన్న."

నా నవ్వు ఆగిపోయింది. ఫోన్ల మీద రోజూ ఈ పేజీలో ఉపన్యాసాలు దంచే నాకు కెమెరా లేని మోడల్ ఒక్కటీ గుర్తు రాలేదు. చివరికి షాపతనే పైఅరలోంచి దుమ్ము పట్టిన డబ్బా ఒకటి దింపి, కెమెరా లేని బటన్ ఫోన్ తీశాడు. సిమ్ వేయగానే ఆవిడ ఇంటికి ఫోన్ చేసింది.

"బిడ్డా, ఇగ ఎప్పుడు చేసినా అమ్మ ఎత్తుతది."

మడత ఫోన్ గురించి ఇవాళ రాయబుద్ధి కావడం లేదు. ఆవిడ షిఫ్టులో ఇంకో ఆరుగురు తల్లులున్నారట. షాపులో ఉన్నది ఆ ఒక్క ఫోనే. అలాంటివి ఇంకెక్కడ దొరుకుతాయో తెలిస్తే కింద చెప్పండి. ఎప్పుడూ మీరు అడిగితే నేను చెప్పేవాణ్ణి, ఈసారి అడుగుతున్నది నేను.