సిక్కోలు తెలుగు మాట్లాడిన అమెరికా సైనికులు

మావయ్య పోయాడన్న కబురు నాకు ఫోనులో, మా తెలుగు సంఘం గ్రూపులో వచ్చింది. మా ఉక్కు ఊరి బిష్టుపూర్‌ బజారులో లైనింగు గుడ్డ కొనుక్కుని అప్పుడే ఆటో ఎక్కాను. "రంగస్థల దిగ్గజం అస్తమయం, మన సంఘానికి తీరని లోటు" అని రాసి ఉంది. దాని కింద వరసగా దండాలు పెట్టే బొమ్మలు. నాకు ముందు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. మనిషి బతికుండగా స్టేజీ మెట్టు ఎక్కనివ్వలేదు, పోగానే దిగ్గజమైపోయాడా? "సిగ్గులేని మనుషులు" అని పైకే అనేశాను. ఆటో అబ్బాయి తననే అన్నాననుకుని వెనక్కి తిరిగి చూశాడు.

మావయ్య నాకు చుట్టం కాదు. బర్మామైన్స్‌లో మా ఎదురింటాయన. సిక్కోలు జిల్లా సోంపేట దగ్గర పల్లెనుంచి ఇంత దూరం వచ్చి, ఉక్కు ప్లాంటులో క్రేను నడిపేవాడు. మా సందులో తెలుగు పిల్లలందరికీ ఆయన మావయ్యే. సౌమ్యుడు, స్నేహశీలి అని ఎవరైనా రాస్తే నమ్మకండి. ఉత్త కయ్యాలమారి. పక్కింటి రేడియో గట్టిగా మోగితే కయ్యం, మోగకపోతే అది పాడైందేమోనని ఇంకో కయ్యం. పెళ్ళికైనా పేరంటానికైనా ప్లాంటులో ఇచ్చిన బరువు బూట్లే వేసుకొచ్చేవాడు. "సెప్పుల్లేవేటన్నయ్యా?" అని మా అమ్మ అడిగితే, "కాలిమీదేటైనా పడితే నువ్వు సూత్తావేటి?" అని ఎదురు తిరిగేవాడు. పెళ్ళిపందిట్లో కాలిమీద ఏం పడుతుందో ఆయనకే తెలియాలి.

ఆయనకు నాటకాల పిచ్చి. డ్యూటీ దిగాక రైలు పట్టాల పక్క రేకుల షెడ్డులో రిహార్సల్ పెట్టేవాడు. గూడ్సు వచ్చినప్పుడల్లా చెయ్యి పైకెత్తి "ఆగండర్రా, బండెల్లనీండి" అని అరిచేవాడు. అందరం ఎక్కడివాళ్ళం అక్కడ, నోరు తెరిచినవాళ్ళం తెరిచినట్టే నిలబడాలి. ఎవడైనా కదిలితే సీను మొదటినుంచి. తిట్లు కూడా మొదటినుంచే.

నాకింకా పెళ్ళి కాని రోజుల్లో, ఒక వారాంతపు సెలవునాడు ఇంగ్లీషు యుద్ధం సినిమా చూసి వచ్చాడు. ఫ్రాన్సులో ఒక ఊరు జర్మన్ల చేతిలో ఉంటుంది. దాన్ని విడిపించడానికి అమెరికా కుర్రాళ్ళు కొందరు విమానాల్లోంచి గొడుగులతో దూకి, తలొక దిక్కున చెల్లాచెదురుగా పడతారు. మిగతావాళ్ళు సముద్రం ఒడ్డునుంచి కాలినడకన కొట్లాడుతూ వస్తారు. ఇద్దరూ ఆ ఊళ్ళో కలవాలి. మావయ్యకు ఇంగ్లీషు ముక్క రాదు. "మాట తెలకపోతేనేటి? మొకాలు సూసినాను. డ్యూటీ దిగి గేటుకాడికొచ్చినోళ్ళ మొకాలే అయ్యి. ఆ కుర్ర గుంటలు మనోళ్ళేనర్రా" అన్నాడు. ఆ ఊరి పేరు కూడా ఆయనకు నోరు తిరగలేదు. నాటకమంతటా దాన్ని "బస్తీ" అనే పిలిచాం.

పాత దోమతెరలు కుట్టి పారాచూట్లు చేశాం. మా అమ్మది కూడా పోయింది. ఆ ఏడాది దోమలు మమ్మల్ని తినేశాయి. ప్లాంటులో క్రేను షాపు కుర్రాళ్ళు, కాంట్రాక్టు కుర్రాళ్ళు అమెరికా సైనికులయ్యారు. స్టేజీ ఎక్కడానికి ఇంకే ఆడపిల్లనూ ఇంట్లోవాళ్ళు ఒప్పుకోలేదు కాబట్టి, ఫ్రెంచి ముసలమ్మ వేషం నాకు పడింది. ఊరిని విడిపించే ఫిరంగి దెబ్బలకే ఆ ముసలమ్మ ఇల్లు కూలిపోతుంది. నేను పళ్ళెం పట్టుకుని సైనికులకు హారతి ఇవ్వబోతే మావయ్య గయ్యిమన్నాడు.

"ఇల్లు కూలిపోయినామె హారతిత్తాదేటే గుంటా? ముందల తిడతాది. తరవాత నీల్లిత్తాది. తిట్టు!"

నేను సినిమా హీరోయిన్‌లా గొంతు సాగదీసి తిట్టాను. "ఎవుల్ది ఆ గొంతు? ఎక్కడ అరువు తెచ్చినావు? మీ అమ్మ కుళాయికాడ తిట్టినట్టు తిట్టు" అన్నాడు. అలాగే తిట్టాను. షెడ్డులో కుర్రాళ్ళందరూ బిక్కచచ్చిపోయారు. మావయ్య మాత్రం ఖైనీ నలుపుకుంటూ, మొదటిసారి, బాగుందన్నట్టు తలూపాడు.

అంతా బాగా నడుస్తుండగా కద్మా పేటనుంచి సంఘం కార్యదర్శి గారు రిహార్సల్ చూడటానికి వచ్చారు. కాసేపు విని నవ్వేశారు. "అమెరికా సైనికులు ఈ యాసలో మాట్లాడతారా? ప్రేక్షకులు ఇది హాస్యనాటిక అనుకుంటారు. ఇంటి పనివాడి పాత్రకైతే యాస బాగుంటుంది. మిగిలినవాళ్ళకి మంచి తెలుగు నేర్పించండి" అన్నారు.

"అమెరికావోడు అసలు తెలుగే మాటాడడు కదండీ బాబూ" అన్నాడు మావయ్య. "మాటాడినప్పుడు ఏ తెలుగైతేనేటి? మీ తెలుగు ఆడి అమ్మ నేర్పిందేటి?"

మార్చకపోతే నాటకం ఉండదని కార్యదర్శి గారు తేల్చి చెప్పారు. సరే, మారుస్తానన్నాడు మావయ్య. మార్చాడు కూడా. జర్మన్ కమాండరు ఒక్కడికి శుద్ధమైన తెలుగు పెట్టాడు. "ఈ పట్టణమును ఖాళీ చేయవలసినదిగా ఆదేశిస్తున్నాను" అంటాడు వాడు, అచ్చం కార్యదర్శి గారి గొంతుతో. నవ్వాపుకోలేక మేము చచ్చాం.

సంఘం హాల్లో నాటకం రోజు మొదటి సైనికుడు దోమతెరతో సహా నా గుమ్మం ముందు పడి, "అమ్మా, అరవకు, నీకు దండమెడతాను" అనగానే హాలంతా గొల్లుమంది. మావయ్య పక్కనుంచి "కానీ, తిట్టు" అన్నాడు. తిట్టాను. "ఇల్లు కూల్చినోల్లే గుమ్మంకాడికొచ్చి దండాలెట్టడమేట్రా!" అన్నాను. నవ్వు సన్నగిల్లింది. "మీరెవుర్రా?" అని అడిగాను. "కూలోళ్ళమమ్మా. తుపాకులిచ్చి తోలినారు" అన్నాడు ఆ కుర్రాడు. వెనక వరసల్లో నవ్వు పూర్తిగా ఆగిపోయింది. మా వీధి ఆడవాళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

ఆ తరవాత జర్మన్ కమాండరు వచ్చాడు. ముందు వరసలో కార్యదర్శి గారు లేచారు. చివరి సీను మొదలుపెట్టబోతుంటే తెర దించేశారు. టైమైపోయిందట! మా తరవాత ఆరోజు ఇంకో కార్యక్రమమే లేదు.

ఆనాటినుంచి ప్రతి ఏడాదీ మావయ్య సంఘానికి వెళ్ళి, నాటకం ఆడనివ్వమని అడిగేవాడు. భాష మార్చుకుని రమ్మనేవారు. ఈయన తిట్టి వచ్చేవాడు. రిటైరయ్యాక కూడా ఇదే వరస. "నాటకమంతా ఒద్దు. ఆ ఆఖరి సీనొక్కటీ ఆ స్టేజీమీద, మన మాటలో ఆడితే సాలు నాకు" అని నాతో ఎన్నిసార్లు అన్నాడో! మంచం పట్టాక నేను చూడటానికి వెళితే, మందుల మాట ఎత్తనివ్వలేదు. "ఆ సీను ఉండిపోనాది కదే" అన్నాడు, కోపంగానే.

నేను జాకెట్లు కుట్టి బతుకుతున్నాను. పెద్ద పెద్ద బంగళాల ఆడవాళ్ళు వస్తారు, బిష్టుపూర్ షాపులవాళ్ళతో బేరాలు ఆడతాను. ఎవరి ముందూ నా గొంతు తగ్గదు. ఆ గొంతు ఇచ్చినవాడు మావయ్య. కన్నతండ్రికి కూడా నేనింత రుణపడలేదు.

సంతాపసభ పెట్టారు, అదే హాల్లో. నాటి కార్యదర్శి గారు నేడు అధ్యక్షులు. "మాండలికానికి పట్టం కట్టిన మహనీయుడు" అని పావుగంట మాట్లాడారు. ఏం మొహం పెట్టుకుని అన్నారో! తరవాత నా దగ్గరికి వచ్చి, "రెండే నిమిషాలమ్మా. కాస్త మంచి తెలుగులో మాట్లాడండి" అన్నారు.

"మంచి తెలుగే మాటాడతాను బాబూ" అన్నాను.

ఒక్కదాన్నే వెళ్ళలేదు. నాటకంలో కాలినడకన వచ్చిన దళానికి నాయకుడుగా వేసినాయన, ఇప్పుడు సైకిల్ షాపు నడుపుకునే ముసలాయన, కర్ర పట్టుకుని నాతో పాటు ఎక్కాడు. పొద్దున్నే ఇద్దరం అనుకున్నాం. ఆ చివరి సీను ఇది. ఊరు చేతికొచ్చింది. చెల్లాచెదురైనవాళ్ళను పోగేసి నాయకుడు పేరుపేరునా హాజిరీ పిలుస్తాడు. కొందరు పలకరు, యుద్ధంలో పోయారు. అప్పుడు, అంతదాకా వాళ్ళను తిట్టిపోసిన ముసలమ్మ, వాళ్ళ బదులు పలుకుతుంది. మా కాంట్రాక్టు కూలీల అలవాటే అది. ఒకడు ఆలస్యమైతే, వాడి కూలి పోకుండా పక్కవాడు "ఉన్నాడు" అనేస్తాడు. మావయ్య ఆ అలవాటును ఫ్రాన్సు తీసుకెళ్ళాడు.

"ఒరే, జాను!" అని పిలిచాడు ముసలాయన.

"ఉన్నాడు" అన్నాను నేను.

అధ్యక్షుల వారు గడియారం చూపించారు. తరవాత మైకు ఆగిపోయింది. ముసలాయన ఆగలేదు. "ఒరే, టామూ!" ఈసారి నాకంటే ముందే వెనక కుర్చీల్లోంచి, రిటైరైన క్రేను షాపువాళ్ళు "ఉన్నాడు" అన్నారు. ఇంకో పేరు పిలిచాడు. ఇంకొన్ని గొంతులు పలికాయి. ముందు వరసవాళ్ళు మాత్రం వెనక్కి తిరిగి చూశారు.

అప్పుడు ముసలాయన నాటకంలో లేని పేరు పిలిచాడు. మావయ్య అసలు పేరు. ఇంత నోరున్న నాకు ఆ ఒక్క మాట రాలేదు.

ఫోటో పక్కన మావయ్య కూతురు పూలు పట్టుకుని నిలబడి ఉంది. తండ్రి తెలుగులో అడిగితే హిందీలో జవాబిచ్చే పిల్ల. దాని మీద ఆ ఇంట్లో ఎన్ని కయ్యాలో! ఆమె మాకేసి తిరిగింది.

"ఉన్నాడు" అంది. "మా నాన ఉన్నాడు."

ఇంక పూలు వెయ్యమని అధ్యక్షుల వారు చేత్తో సైగ చేస్తూనే ఉన్నారు. ఆమె గుప్పిట విప్పలేదు.