వడ్ల అర్ర గోడలోని గబ్బిలాలు

నా చిన్నప్పుడు పోతిరెడ్డిపల్లి శివారులో, ఇప్పుడు ఇళ్లు లేచినచోట, మాకు ఒక జామతోట ఉండేది. ఒక ఏడు కాయ పండగానే, ఏదో సగం కొరికి కింద పడేసేది. మా నాయన కోపం వడ్లు నిల్వచేసే గది, వడ్ల అర్ర మీదికి మళ్లింది. ఆ అర్ర తలుపు పైన, గోడ పగులులో చిన్న గబ్బిలాలు ఉండేవి. మిరపకాయల పొగ పెట్టి, పగులు మూసేస్తానని మట్టి పిసికి పెట్టుకున్నాడు. లోపల వాటి పిల్లలున్నాయి. సన్నని కిచకిచలు నాకు వినబడుతూనే ఉన్నాయి.

పుట్టింటికి వచ్చివున్న మా మేనత్త అడ్డం పడింది.

“గబ్బిలాయిలకు వకాల్తా పట్టినవా అక్కా?” అన్నాడు నాయన.

“సాక్ష్యం సూడకుండనే శిక్ష ఏస్తవా తమ్మీ? రేపు పొద్దుగాల నీ బిడ్డే సూసి చెప్తది. ఇవే దొంగలైతే మట్టి నేనే మెత్తుత.”

నాయన నవ్వాడు గానీ, ఆగాడు. అత్త పాత ధోవతిని రెండు ముక్కలు చేసి, ఒకటి పగులు కింద, ఒకటి జామచెట్టు కింద పరిచింది. తెల్లవారాక నా చేతికి పుల్ల ఇచ్చి, దూరంగా కూర్చుంది.

జామచెట్టు కింది గుడ్డ మీద నమిలి ఉమ్మేసిన పిప్పి, గింజలున్న తడి రెట్ట. గోడ కింద వడ్లగింజంతేసి నల్లని ఎండు రెట్టలు. పుల్లతో నొక్కితే పొడి అయ్యాయి. ఆ పొడిలో పురుగుల రెక్కల తునకలు తళతళలాడాయి. జామగింజ ఒక్కటైనా ఉందేమోనని మళ్లీ మళ్లీ వెతికాను. లేదు.

“ఇవి పురుగులు తింటయి నాయనా. కాయలు గాదు,” అన్నాను. నాయన వంగి, పుల్ల తీసుకుని తానూ నొక్కి చూశాడు.

అప్పుడు గానీ అత్త నోరు విప్పలేదు. తోటకు వచ్చేవి చెట్లకు వేలాడే పెద్ద జాతివని, వాటికి కుక్కమూతి, పెద్ద కళ్లు ఉంటాయని చెప్పింది. మా గోడవాటికి కళ్లు చిన్నవి, చెవులు పెద్దవి. అవి తమ కూత ప్రతిధ్వనిని బట్టి దోమల్ని, పురుగుల్ని పడతాయన్న సంగతి తర్వాత నేనే చదివి తెలుసుకున్నాను.

ఆ మట్టితో నాయన పొయ్యి మెత్తించాడు. కాయలకు గుడ్డ సంచులు కట్టించాడు. సాయంత్రం పక్క చేను పెద్దమనిషి వచ్చి, “పగులు ఇంకా మూయలేదేంది?” అని అడిగితే, “మా బిడ్డ తనిఖీ జేసింది. గవి మనయే,” అన్నాడు.

ఇప్పుడు గడ్డపోతారంలో ఒక మందుల ఫ్యాక్టరీ స్టోరులో పనిచేస్తున్నాను. సరుకు తగ్గిందని ఎవరైనా ఒక మనిషి పేరు చెప్పగానే, ముందు పోయి బస్తాలు విప్పి చూస్తాను. లెక్కలు నాకు నేనే నేర్చుకున్నాను. నా మాట మీద ఒకరి బతుకు ఆధారపడినప్పుడు తలెత్తి నిలబడే ధైర్యం మాత్రం మా అత్త ఇచ్చిందే.