సిగరెట్ సాకెట్ కరెంటుతో కారవాన్ బ్రేకులు

రాయచోటి అన్వర్ బాషా ముబారక్ అల్ కబీర్‌లో ఒక ఇంటి డ్రైవరు. కువైట్‌లో పదకొండేళ్లుగా ఉండి అతను నేర్చుకున్న విద్య ఒక్కటే. కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, ఏం అడిగినా అరబ్బీలో ఔనంటూ "ఏవా బాబా, తెలుసు" అనడం. తెలియదన్నవాణ్ణి పంపేసి తెలుసన్నవాణ్ణి తెచ్చుకుంటారని వచ్చిన వారంలోనే ఎవరో చెప్పారు. ఆ మాటను తాయెత్తులా కట్టుకున్నాడు. అతను బాగుచేసిన ఏసీ మళ్లీ చల్లబడలేదు. నీళ్ల మోటారు విప్పి బిగించాక మిగిలిపోయిన మూడు బోల్టులను "ఎక్స్‌ట్రా" అని కిటికీలో పెట్టాడు.

ఈ శీతాకాలం కఫీల్ ఎడారిలో గుడారాల విడిదికని పాత కారవాన్, అంటే బండి వెనక తగిలించి లాగే చక్రాల ఇల్లు, కొన్నాడు. దాని నాలుగు చక్రాలకూ కరెంటు బ్రేకులు. ముందు బండిలో పెడల్ తొక్కగానే వాటికి కరెంటు పంపే చిన్న పెట్టె ఒకటి డ్యాష్‌బోర్డు కింద బిగించాలి.

"బిగించగలవా?"

"ఏవా బాబా."

ఆ నెలాఖరుకి బాషా ఇఖామా, అంటే అక్కడ ఉండే అనుమతి, అయిపోతోంది. పొడిగించడమా, విమానం ఎక్కించడమా అని ఇంటావిడ మామా అప్పటికే భర్తను అడుగుతోంది.

దుకాణంలో రెండు రకాలు చూపించారు. ఒకటి బండి ఎంత జోరుగా ఆగుతోందో పసిగట్టి వెనక బ్రేకు అంతే వేస్తుంది. రెండోది ముందే పెట్టిన మోతాదును గుడ్డిగా పంపుతుంది. బాషా రెండోదే కొన్నాడు. దాని అంకెలు నీలంగా, పెద్దగా వెలిగాయి మరి.

శుక్రవారం అబ్బాసియా చాయ్ హోటల్లో ఆ పెట్టెను బల్ల మీద పెట్టి కూర్చున్నాడు. ఎదురుగా రాజంపేట శివకుమార్, బండ్ల వైరింగ్ పనివాడు.

"కరెంటు యాడ్నించి తీస్తావు బాషా బాయ్?"

"సిగరెట్ సాకెట్ ఎనకాల వైరుండాది గదా. ఆడ్నించే."

"ఓర్నాయనో! నాలుగు బ్రేకులు లాగే కరెంటుకి అది తట్టుకోదు. బ్యాటరీ కాడ్నించి లావు వైరు లాగు, మధ్యలో బ్రేకరు పెట్టు. పూట పని, నేనొచ్చి చేసిపోతా."

"నువ్వొచ్చి చేస్తే బాబా నన్నెందుకు పెట్టుకుంటాడప్పా? వైరు లోపలికి తేవాలంటే బండికి బొక్క కొట్టాల. మామా చూసిందంటే నా తలకాయకే బొక్క."

"పిల్లోళ్లు కూచునే బండి బాయ్ అది."

"పదకొండేండ్ల సర్వీసు నాది. చాయ్ తాగు."

పెట్టెను సిగరెట్ సాకెట్ వైరుకే కలిపి, ఇంటి ముందు పెడల్ తొక్కి చూపించాడు. నీలం అంకెలు వెలిగాయి. కఫీల్ భుజం తట్టాడు.

గురువారం సాయంత్రం బయలుదేరారు. పక్కన కఫీల్, వెనక ముగ్గురు పిల్లలు. మామా జ్యూసులకని కరెంటుతో నడిచే చల్లపెట్టె ఇచ్చి పంపింది. దాని వైరును సిగరెట్ సాకెట్లో గుచ్చింది కూడా బాషానే. విడిది దగ్గరి రౌండబౌట్‌లో ఒక లారీ అడ్డం రాగానే పెడల్ గట్టిగా తొక్కాడు. ఫ్యూజు పోయింది. నీలం అంకెలు ఆరిపోయాయి. ముందు బండి ఆగబోతుంటే వెనక కారవాన్ దాన్ని పక్కకి తోసుకుంటూ పోయి, ఎవరివో గుడారం తాళ్లు తెంపి ఇసకలో దిగబడింది. పిల్లలు ఏడుపు లంకించుకున్నారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. అందులో బాషా గొప్పేమీ లేదు.

"ఎలా బిగించావు దీన్ని?" కఫీల్ అరిచాడు.

అన్నీ తానే చేశానని చెప్పుకునే మనిషి మొదటిసారి మాట మార్చాడు. "నేను కాదు బాబా. శివకుమారని అబ్బాసియాలో ఒకడు. పనివాడే కదాని నమ్మాను."

మర్నాడు శివకుమార్‌ను పిలిపించి, గేటు దగ్గరే నిలబెట్టి తిట్టారు. అతను డ్యాష్‌బోర్డు కింద చూసి, బాషా వైపు చూశాడు. బాషా కారవాన్ టైర్లను పరీక్షగా చూస్తున్నాడు. శివకుమార్ బ్యాటరీ నుంచి లావు వైరు లాగి, బండికి ముందునుంచే ఉన్న రబ్బరు మూత సందులోంచి లోపలికి తెచ్చాడు. కొత్త బొక్క అక్కర్లేకపోయింది. తమ వైపువాడి ఇఖామా పోతుందని నోరు విప్పలేదు. దీన్ని మంచితనం అంటారు. బాషాలు బతికేది ఇలాంటి మంచితనం మీదే.

ఇఖామా రెండేళ్లకు పొడిగించారు. ఆ వారమే కఫీల్ ఒక అట్టపెట్టె తెచ్చాడు. పిల్లలు పడుకునే కారవాన్‌లో పెట్టే గ్యాస్ హీటరు.

"బిగించగలవా?"

"ఏవా బాబా."