జొన్న మొలకకు పారాణి

మొన్న నల్గొండ ఫంక్షన్ హాల్లో మా అక్క పెళ్లికి డెకరేషన్ వాళ్లు తెచ్చిన పాలికెల్లో మొలకలన్నీ ప్లాస్టిక్‌వి. చెప్పుల దుకాణంలో అడుగుపెట్టినట్టు వాసన కొడుతుంటే నాకు తడిసిన పుట్టమన్ను వాసన, దాని వెనకే మా మగ్గం గది, చిన్నత్త పెళ్లి గుర్తొచ్చాయి.

తెలంగాణ వచ్చిన మరుసటేటి మాఘమాసం అది. గరిజెలు కాలే నూనె వాసన, సకినాలకు నానబోసిన బియ్యం వాసన, మా బాపు రంగు అద్ది ఆరేసిన నూలు వాసన ఇల్లంతా కలగలిసి ఉండేవి. మేం ఆ నూలు మధ్య దాగుడుమూతలాడి తిట్లు తినేవాళ్లం. ముత్తైదువలు పాలికెల కోసం పుట్టమన్ను నింపిన ముంతల్లో నవధాన్యాలు చల్లి నీళ్లు పోశారు. అవి పచ్చగా, నిండుగా మొలిస్తే కాపురమూ అలాగే ఉంటుందని మావాళ్ల నమ్మకం.

ఎండలో రంగు వెలిసిపోతుందని నూలును నీడలోనే ఆరేసే బాపు, ముంతల్నీ మగ్గం గదిలోనే దాచాడు. పొడిగాలికి పోగు తెగకుండా కిటికీలు మూసి ఉంచే చీకటి గది అది. కోళ్లు కెలకకుండా వాటి మీద గంప కూడా బోర్లించాడు. "ఎండ తాకితె పచ్చరంగు పోతదే అవ్వా" అన్నాడు. రంగుల సంగతి కొడుక్కి తెలియనిదా అని అవ్వ ఊరుకుంది.

పెళ్లి దగ్గరపడ్డాక గంప ఎత్తితే మొలకలు సన్నగా సాగి, పాలిపోయి, ఒకదాని మీద ఒకటి వాలి ఉన్నాయి. "గివి గిట్ల తెల్లగైనయేంది?" అంది పక్కింటామె. చిన్నత్త మొహం మాడిపోయింది. అంతకుముందు ఒక సంబంధం అంతా కుదిరాక తప్పిపోయింది. కేతేపల్లి వియ్యాలవారు ఈ ముంతల్ని చూస్తే ఇదీ చెడుతుందని ఆమె భయం. ఆ పూట అన్నం ముట్టలేదు. నాకు ఆమెను చూస్తే ఏడుపొచ్చింది.

తెల్లారి వాటిని పారబోస్తానని బయటికి తెచ్చింది గానీ చేతులు రాలేదు. అరుగు మీద పెట్టి మొహం తిప్పుకుని లోపలికి పోయింది. ఆ తర్వాత రెండు మూడు రోజులు పగటి ఎండా రాత్రి చలీ వాటి మీదే పడ్డాయి. బాపు మొహమాటంతో అటు తొంగిచూడలేదు. మేం పిల్లలం మాత్రం కోళ్లను తోలుతూ అక్కడే ఆడుకున్నాం. చూస్తుండగానే ఆకులు పచ్చబడ్డాయి, జొన్న మొలకల మొదళ్లు ఎర్రబడ్డాయి.

"జర ఇటు రా బిడ్డా" అని పిలిచింది అవ్వ. "జొన్నకు పారాణి వెట్టినట్టున్నది, సూడు."

చిన్నత్త అరుగు ముందు కూలబడి ఏడ్చింది, అప్పుడు గానీ కడుపునిండా అన్నం తినలేదు.

"నూలు లెక్కనే అనుకున్న" అన్నాడు బాపు నెమ్మదిగా.

వెలుతురు లేనిదే మొక్కకు పచ్చదనం పట్టదని, చలి సోకితే జొన్న మొదళ్లు ఎర్రబడతాయని తర్వాత బడిలో చదువుకున్నాను. ఇప్పుడు అవ్వ లేదు. మగ్గం తీసేసిన గదిలో మోటార్ సైకిల్ పెడుతున్నారు.

ఫంక్షన్ హాల్లో చిన్నత్త ఒక ముంత చేతిలోకి తీసుకుని, ప్లాస్టిక్ ఆకుల్ని వేళ్లతో పాయలు తీసి మొదళ్లు చూసింది.

"ఏం సూస్తున్నవత్తా?"

"ఏం లేదు. కింది దాక పచ్చనే ఉన్నది" అని ముంతను తిరిగి దాని జాగాలో పెట్టేసింది.